గోడ దాటిన తోట

బెంగుళూరు వెళ్ళే తెలుగువాడికి సాధారణంగా మూడు పనులుంటాయి. పిల్లవాడు ఉద్యోగంలో ఎలా వున్నాడో చూసిరావటం, ఇంట్లో పెద్దవాళ్ళను పెద్ద డాక్టరుకు చూపించటం, పెళ్ళికి పట్టుచీరలు కొనటం. ఈ మూడూ అయిన తరవాత రైలుకింకా వ్యవధి వుంటే లాల్‌బాగ్‌కు వెళతాడు. తిరిగి వచ్చినవాణ్ణి "ఏం చూశావయ్యా?" అని అడిగితే, "ఏముంది, చెట్లు!" అంటాడు.

అతని మాటలో తప్పులేదు. రాతిగుడికి పోతే స్తంభానికో కథ చెప్పేవాడు ఎవడో ఒకడు దొరుకుతాడు. కోటకు పోతే ఏ బురుజు మీద ఏ ఫిరంగి పేలిందో చెప్పేవాడుంటాడు. చెట్టు దగ్గర మాత్రం ఎవరూ వుండరు. కాండానికి మేకు కొట్టిన రేకుమీద లాటిన్ పేరొకటి వుంటుంది. ఆ పేరు చదివి ముందుకు కదిలేవాడికి చెట్టుకూ చెట్టుకూ భేదం తెలియమంటే ఎలా తెలుస్తుంది?

ఈ లోపం కనిపెట్టి బెంగుళూరులో చదువుకున్న యువతీ యువకులు కొందరు తోటలు చూపించే పని పెట్టుకున్నారు. పొద్దున ఏడింటికి మొదలుపెట్టి భోజనంవేళకు వదిలిపెడతారు. తలకింత అని రుసుము. నిరుడు ఫిబ్రవరి ఆఖరులో అలాంటి ఒక జట్టులో మేమూ చేరాము. మేమంటే నేనూ, మా ఆవిడా, మోకాళ్ళ నొప్పులతో మా అత్తగారూ. మాతోపాటు హిందూపురం దగ్గరి పల్లెనుంచి వచ్చిన ఒక పెద్దాయన, ఇక్కడ కంప్యూటరు ఉద్యోగం చేస్తున్న ఆయన కొడుకు, ఇంకా ముగ్గురు నలుగురు. దారి చూపించే అమ్మాయి కన్నడిగురాలు, వృక్షశాస్త్రం చదివింది. వాళ్ళ అవ్వది కోలారు వైపట. అందుచేత తెలుగు చక్కగా మాట్లాడుతుంది, మధ్య మధ్య కన్నడపు తీపి కలిపి.

హైదరలీతో మొదలుపెడుతుందనుకున్నాను. ఆ అమ్మాయి మమ్మల్ని ముందు రాతిగుట్ట ఎక్కించింది. "ఇక్కడ అన్నిటికన్నా పెద్దవయస్సు దీనిది సార్. సుమారు మూడు వందల కోట్ల సంవత్సరాలు" అన్నది. ఈ బండను జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా ప్రకటించి కాపాడుతున్నారు. మన రాయలసీమ గుట్టల్లో కూడా దీని చుట్టాలు చాలా వున్నాయి. మనం వాటిని కంకర కొట్టి లారీల్లో పంపిస్తున్నామనేది వేరే సంగతి. గుట్టపైన కెంపెగౌడ పేరు చెప్పుకునే చిన్న మంటపం వుంది. నగరం ఇంతవరకే పెరుగుతుందని నాలుగు దిక్కులా కట్టించిన నాలుగింటిలో ఇదొకటని చెబుతారు. అక్కడ నిలబడి చుట్టూ చూస్తే నగరం ఆ హద్దును ఎన్నడో దాటి, కంటికి ఆనే మేరంతా నిండివుంది.

చరిత్ర తేల్చిచెప్పాలంటే నాలుగు మాటలు చాలు. 1760లో హైదరలీ సుమారు నలభై ఎకరాల్లో తోట వేయించాడు. శిరాలోని మొగలాయి తోట అతనికి నమూనా. కొడుకు టిప్పు దేశదేశాల నుంచి విత్తనాలూ మొక్కలూ తెప్పించాడు. 1799లో టిప్పు పోయిన తరవాత తోట కుంఫిణీవారి చేతికి వచ్చి, చేతులు మారి, 1856లో ప్రభుత్వ వృక్షోద్యానమయింది. ఇవాళ 240 ఎకరాలు. కన్నడిగులు దీన్ని 'సస్యకాశి' అని కూడా అంటారు. ఎంత మంచి మాట! తెలుగులో మనం 'ఉద్యానవనం' అని వూరుకుంటాం. ఉద్యానమన్నా వనమన్నా తోటే కాబట్టి అది 'గేటు తలుపు' లాంటి మాట.

గుట్ట దిగి వచ్చాక ఒక మహావృక్షం దగ్గర ఆగాం. దాని వేళ్ళు నేలమీదికి గోడలు గోడలుగా లేచివున్నాయి, ఒక్కో గోడ మాటున ఒక మనిషి దాక్కోవచ్చు. మా అత్తగారు తలెత్తి చూసి, "ఇది బూరుగు కాదూ! మా పుట్టింట్లో దిండ్లన్నీ దీని దూదితోనే" అన్నారు. తెల్లబూరుగు. రెండువందల ఏళ్ళకు పైబడిన చెట్టని అంచనా. ఆవిడ దానికేసి చూసిన చూపులో చిన్నప్పటి స్నేహితురాలు బాగా లావెక్కి కనిపించినప్పటి ఆశ్చర్యం వుంది. కింద పడ్డ కాయ ఒకటి సంచిలో వేసుకోబోతే గైడమ్మాయి మర్యాదగానే వారించింది. "ఇక్కడ నేలరాలినది కూడా ముట్టకూడదు అజ్జీ." అత్తగారు ఆ కాయను కింద పెట్టారు గాని, ఆ తరవాత చాలాసేపు ఆ అమ్మాయితో మాట్లాడలేదు.

అద్దాలమేడ గురించి అందరికీ తెలుసు. సినిమాల్లో చూశాం. 1889 నవంబరు 30న ఆంగ్ల యువరాజు ఆల్బర్ట్ విక్టర్ దీనికి శంకుస్థాపన చేశాడు. ఇనప సామగ్రి స్కాట్లండులోని గ్లాస్గో నగరం నుంచి ఓడమీద వచ్చింది. ఏటా గణతంత్ర దినోత్సవానికీ స్వాతంత్ర్య దినోత్సవానికీ ఇక్కడ జరిగే పూల ప్రదర్శనకు ఇసకవేస్తే రాలనంత జనం. నాకు వింతగా తోచింది మాత్రం వేరొకటి. ఇంగ్లండులో అద్దాలమేడ కట్టేది చలికి చచ్చిపోయే మొక్కల్ని బ్రతికించటానికి. బెంగుళూరులో మొక్కను చంపే చలి ఎక్కడిది? అందుకే ఇక్కడి మేడకు చుట్టూ గోడల్లేవు, గాలి ధారాళంగా ఆడుతుంది. ఓడలో ఇనుముతో పాటు వచ్చిన అవసరం కాదు ఇది, అలంకారం. అయినా అందంగా వుంది, కాదనను.

అసలు నా మనసు పట్టుకున్న సంగతి ఆ మేడ నీడలో కూచున్నప్పుడు బయటపడింది. గైడమ్మాయి మమ్మల్నొక ప్రశ్న అడిగింది. "ఈ తోటలోంచి బయలుదేరి మీ ఇంటిదాకా వచ్చిన మొక్క ఒకటుంది, చెప్పండి చూద్దాం?" ఎవరికీ తట్టలేదు. గులాబీ అన్నారొకరు. మామిడి అన్నారొకరు. "బెంగుళూరు వంకాయ!" అన్నది ఆ అమ్మాయి.

1874లో ఈ తోట బాధ్యత తీసుకున్న జాన్ కామెరాన్ అనే దొర ఆ తీగను ఇక్కడ పెంచి చూపించి ప్రచారంలోకి తెచ్చాడు. దాని పుట్టిల్లు మెక్సికో. వంకాయతో దానికి ఏ చుట్టరికమూ లేదు, అది దోస, గుమ్మడి కుటుంబానిది. మా అత్తగారు అలక మరిచిపోయి, "పేరే గాని వంకాయ రుచి ఎక్కడిదమ్మా దానికి! పెసరపప్పు వేసి వండుకుంటేనే బాగుంటుంది. తొక్కుతో పచ్చడి చేస్తే కూరకంటే అదే నయం" అన్నారు. వంట ప్రసక్తి వచ్చేసరికి మా జట్టులో భాషాభేదాలు పోయాయి. పావుగంట సేపు అద్దాలమేడ వంటిల్లయింది.

నాకు పేరు పట్టుకున్నది, వృత్తిరోగం కాబోలు. కన్నడంలో దాన్ని 'సీమె బదనెకాయి' అంటారు. సీమ వంకాయ అన్నమాట. సీమ అంటే ఓడదాటి వచ్చింది. మన సీమచింతలోని సీమ కూడా అదే, ఆ చింత కూడా మెక్సికో నుంచి వచ్చినదే. తోటలోనికి మొక్క రావటం కళ్ళారా చూసిన కన్నడిగులు దాన్ని విదేశీ అన్నారు. తోటలోంచి బయటికి రావటం చూసిన మనం దాన్ని బెంగుళూరుది అన్నాం. ఒకే కాయకు గేటులోపల ఒక పేరు, గేటు బయట ఒక పేరు. పేరుపెట్టినవాడు ఎక్కడ నిలుచుని చూశాడో పేరే చెబుతుంది. పరీక్షలో 'అర్థవిపరిణామము'నకు ఉదాహరణ అడిగితే విద్యార్థులు ఏవేవో పాత పద్యాలు తవ్వుతారు. సంతలో బుట్టలో ఇదుంటుంది, ఎవరూ చూడరు.

దొరలు మనమీద ప్రేమతో ఈ తోట పెంచలేదు. ఏ దేశపు మొక్క ఎక్కడ పండుతుంది, దాంతో ఎంత వ్యాపారం జరుగుతుంది అన్న లెక్క వాళ్ళది. వృక్షోద్యానమంటే ఆ రోజుల్లో అదొక పరీక్షాశాల. కాని అక్కడ నెగ్గిన మొక్క గోడ దాటి పోయింది. దాటిన తరవాత అది ఏ దొర మాటా వినలేదు.

గోడ దాటించటమే పనిగా పెట్టుకున్నవాళ్ళు తరవాత వచ్చారు. 1908లో క్రుంబిగల్ అనే జర్మను తోటల నిపుణుడు మైసూరు సంస్థానానికి వచ్చి ఈ తోట బాధ్యత తీసుకున్నాడు. లండనులోని క్యూ ఉద్యానంలో పనిచేసి, బరోడా మహారాజు కొలువు చేసి వచ్చినవాడు. జర్మను అయిన పాపానికి ప్రపంచయుద్ధ కాలంలో నిర్బంధం అనుభవించాడు. అయినా ఈ వూరు విడిచి పోలేదు, 1956లో ఇక్కడే కన్నుమూశాడు. అతని ఊహ ఒకటి నాకు మహా ఇష్టంగా తోచింది. నగరంలో ఏ నెలలోనైనా ఏదో ఒక వీధి పూసివుండాలి! ఒకజాతి పూలు రాలేసరికి మరో జాతి విచ్చుకునేట్టు వీధివీధికీ చెట్లు ఎంచి నాటించాడు. మనకు పంచాంగం గోడకు వేలాడుతుంది, అతను దాన్ని రోడ్లమీద పరిచాడు. మా గైడు ఆ పంచాంగాన్ని ఏకరువు పెట్టింది. చలికాలంలో గులాబిరంగు టబెబుయా, చలి వెనకబట్టగానే పసుపురంగు టబెబుయా, దాని వెంట నీలి జకరండా, ఎండలు ముదిరితే తురాయి, రేల, పచ్చతురాయి. వీటిలో చాలావాటిని క్రుంబిగల్ నాటలేదు సుమా. 1980ల తొలి సంవత్సరాల్లో నేగిన్‌హాళ్ అనే అటవీశాఖ అధికారి ఆధ్వర్యంలో నగరంలో సుమారు 15 లక్షల మొక్కలు నాటారు. ఊహ ఒకరిది, చెమట మరొకరిది.

ఈ ఇద్దరి నడుమ మరిగౌడ వున్నాడు. రైతుబిడ్డ. హార్వర్డులో డాక్టరేటు పుచ్చుకుని వచ్చి లాల్‌బాగ్‌ను చూసుకున్నాడు, 1963 నుంచి రాష్ట్ర ఉద్యానశాఖకు డైరెక్టరయ్యాడు. జిల్లా జిల్లాకూ పండ్లతోటల క్షేత్రాలు, నర్సరీలు పెట్టించి, అంట్లు రైతుకు అందేట్టు చేశాడు. కర్ణాటకంలో ఆయనను ఉద్యానకృషికి తండ్రి అంటారు. ఇంత మనిషి పేరు పక్క రాష్ట్రంలో వున్న మనం వినకపోవటమే విడ్డూరం.

ఇక్కడ హిందూపురం పెద్దాయన నోరువిప్పాడు. అప్పటిదాకా చేతులు వెనక్కి కట్టుకుని వింటున్నవాడు.

"అమ్మా, అన్నీ బాగున్నాయి. ఒక మాట అడుగుతా. మా వూరి దగ్గర పెద్ద రోడ్డుకు రెండుపక్కలా చింతచెట్లుండేవి. ఎవరు నాటించినారో మా తాతకే తెలీదు. నడిమధ్యాన్నం నడిచిపోయినా నెత్తిన గుడ్డ వేసుకునే పని లేదు. ఏటా కాయలు వేలం పాడేవాళ్ళు. రోడ్డు నాలుగు వరసలు చేస్తామని అన్నీ కొట్టేసినారు. ఇప్పుడు నడిమి గట్టుమీద గన్నేరు, కాగితంపూలు పెట్టినారు. నీళ్ళ ట్యాంకరొచ్చి తడిపి పోతాది. పూలు బాగానే పూస్తాయి. ఆ పూలకింద ఎవుడు కూచుంటాడు?"

కొడుకు కొంచెం సిగ్గుపడ్డాడు. "నాయనా, అది రోడ్డు వేసినవాళ్ళను అడగాల. ఆ అమ్మాయినడిగితే ఏం చెప్తుంది?" అన్నాడు. కాని ఆ అమ్మాయి చెప్పింది.

"ఈ తోటకే తప్పలేదు తాతా. 2009లో మెట్రో రైలు కోసం ఇదే లాల్‌బాగ్ అంచున గోడ పగలగొట్టి చెట్లు కొట్టారు. మా అమ్మ నన్ను చంకనెత్తుకుని వచ్చి ఇక్కడ మిగతావాళ్ళతో నిలబడిందంట. చెట్లు పోయాయి. ఇప్పుడు మనం రెండో తోటకు పోయేది ఆ రైల్లోనే."

నిజంగా ఆ రైల్లోనే వెళ్ళాం. లాల్‌బాగ్ స్టేషన్లో ఎక్కి, మెజెస్టిక్‌లో మారి, కబ్బన్ పార్కు స్టేషన్లో దిగటం. కాసేపు మిద్దెల మీదుగా, కాసేపు పాతాళంలో. ఆ రైలు లేకపోతే మా అత్తగారి మోకాళ్ళతో రెండో తోట చూసేవాళ్ళం కాదు. ఆ సంగతి ఆవిడే అన్నారు. పెద్దాయన ఏమీ అనలేదు. కిటికీలోంచి కనబడే చెట్ల తలలు లెక్కపెడుతున్నవాడిలా కూచున్నాడు.

కబ్బన్ పార్కు 1870 నాటిది. మైసూరు రాజ్యపు ముఖ్య ఇంజనీరు సాంకీ వేసిన పథకం. మొదట వంద ఎకరాలు, తరవాత పెరిగింది. తొలుత దీన్ని మీడ్ దొర పేర పిలిచారు, తరవాత కబ్బన్ దొర పేరు నిలిచింది. 1927లో చామరాజేంద్ర పార్కు అని నామకరణం చేశారు. కాగితంమీద ఇవాళ్టికీ అదే పేరు, జనం నోట ఇవాళ్టికీ కబ్బనే. ఎర్రరంగు హైకోర్టు భవనం, శేషాద్రి అయ్యర్ జ్ఞాపకార్థం కట్టిన ఎర్రని గ్రంథాలయం, విక్టోరియా రాణి విగ్రహం వగైరాలున్నాయి. వాటిని చూసేవాళ్ళు చూడవచ్చు.

నాకు నచ్చింది ఇక్కడి జనం. లాల్‌బాగ్‌లో పొద్దెక్కితే టిక్కెట్టు కొనాలి. ఇక్కడ టిక్కెట్టు లేదు. అక్కడ చెట్టుకు పేరుంది, ఇక్కడ చెట్టుకింద మనిషి వున్నాడు. వెదురుపొదల పక్క బెంచీమీద ఒక నడివయసు మనిషి బూట్లు విప్పి తలకింద పెట్టుకుని నిద్రపోతున్నాడు. కోర్టుపని మీద వచ్చిన పల్లెటూరి దంపతులు పొట్లం విప్పుకుని తింటున్నారు. పరీక్షలకు చదివే పిల్లలు, చదవని పిల్లలు. పసుపు టబెబుయా ఒకటి, ఒక్క ఆకు లేకుండా ఒళ్ళంతా పూసి, నేలను సైతం పసుపు చేసి నిలబడివుంది. దానికింద ఒక ముసలాయన పేపరు చదువుతున్నాడు. తలమీద రెండు పూలు రాలినా ఆయనకు పట్టలేదు. దినం చూసేవాడికి అందం అలాగే వుంటుంది కాబోలు.

"దీనికీ గండాలొచ్చాయి" అన్నది మా గైడు. పార్కుల భూమిని అన్యాక్రాంతం చేయకుండా 1975లో కర్ణాటకంలో ఒక చట్టం వచ్చింది. ఆ చట్టం పరిధినుంచి ఈ పార్కులో కొంత భాగాన్ని తప్పించాలని 1998లో ప్రభుత్వం తలపెట్టింది. నగర పౌరులు పెద్దయెత్తున అభ్యంతరం చెప్పి, వీధికెక్కి, కోర్టుకెక్కి పోరాడారు. ఇవాళ ఆదివారాలు పార్కులోంచి వాహనాలను కూడా పోనివ్వరు. ఏ చెట్టుకైనా ఏ మేధావి రాసిన పుస్తకం కంటే, దానికింద రోజూ బూట్లు విప్పి పడుకునేవాడే పెద్ద అండ అని నాకనిపించింది. అతనికి ఆ చోటు పోతే ఆ మధ్యాహ్నానికే తెలుస్తుంది. పల్లె రోడ్డుమీద చింతచెట్లకు కూడా అలాంటివాళ్ళు వుండే వుంటారు. కాని వాళ్ళు ఒకచోట వుండరు, నడిచిపోతూ వుంటారు. అర్జీ పెట్టేవేళకు ఎవరూ కనబడరు.

పదకొండున్నరకు గ్రంథాలయం మెట్ల దగ్గర మా విహారం ముగిసింది. అందరూ ఆ అమ్మాయికి చెప్పవలసిన ధన్యవాదాలు చెప్పారు. మా అత్తగారు బెంగుళూరు వంకాయ తొక్కు పచ్చడికి కొలతలు చెప్పి, కాగితంమీద రాయించి మరీ ఇచ్చారు. చింతపండు బదులు నిమ్మరసం వద్దని రెండుసార్లు హెచ్చరించారు.

వెళ్ళాలనుకునే పాఠకులకు ఒక్క మాట. పూలప్రదర్శన రోజుల్లో పోతే పూలు కాదు, వీపులు కనబడతాయి. ఫిబ్రవరి ఆఖరులోనో, ఏప్రిల్లోనో, మామూలు పనిదినం చూసుకుని పొండి. చెప్పులు నడకకు పనికొచ్చేవి వేసుకోండి, ఒక నీళ్ళసీసా పట్టుకోండి. మెట్రోస్టేషన్ల మెట్లు ఎక్కలేనివారికి లిఫ్టులున్నాయి.

పెద్దాయన మాత్రం వెంటనే కదలలేదు. టబెబుయా కింద బెంచీమీద కూచుని కొడుకును పిలిచాడు. మనవాళ్ళకు రోడ్డు హద్దు అవతల ఎన్ని అడుగులు వదిలితే చెట్టు పెట్టనిస్తారో ఆ ఫోనులో చూసి చెప్పమన్నాడు. కొడుకు వెతుకుతున్నాడు. "చింతకు నలభై అడుగుల ఎడముండాలరా, గన్నేరుకు మాదిరి కాదు" అంటున్నాడు తండ్రి. మా ఆటో వచ్చేసరికి కొడుకు ఇంకా వెతుకుతూనే వున్నాడు.